తోక లేని నెమలి గురించి

ఆమనికి, చిన్నూకి తాత దీవెనలు.

దసరా సెలవుల్లో కేబీఆర్ పార్కులో నడుస్తున్నప్పుడు చిన్నూ అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. "తాతా, ఆ నెమలి తోక ఎవరో పీకేశారు!" నేనేమో నోటికొచ్చినట్టు "ఏ కుక్కో పట్టుకుని ఉంటుందిలే" అనేసి, మిమ్మల్ని టిఫిన్ బండి దగ్గరికి లాక్కుపోయాను. ఆ జవాబు తప్పురా. ఫోన్లో చెబితే 'ఊ' కొట్టి మరిచిపోతారని ఉత్తరం రాస్తున్నా.

దాని ఈకలు ఎవరూ పీకలేదు, అదే రాల్చుకుంది. వానాకాలం ముగుస్తుండగా మగ నెమళ్లు పింఛం వదిలేస్తాయి. వెంటనే కొత్తది మొలవడం మొదలై, ఫిబ్రవరి వచ్చేసరికి మళ్లీ నిండుగా పెరుగుతుంది. మీరొచ్చింది సరిగ్గా ఆ బోడి రోజుల్లో.

ఇంకో సంగతి. పింఛం అసలు తోకే కాదు! తోక మొదట్లో, నడుము మీద మొలిచే ఈకలే బారెడు పొడుగు సాగి పింఛం అవుతాయి. అవి నూటయాభైకి తక్కువ ఉండవు. అసలు తోక వాటి కింద పొట్టిగా, గోధుమ రంగులో, ఏ మెరుపూ లేకుండా ఉంటుంది. పురి విప్పినప్పుడు పింఛాన్ని నిలబెట్టేది ఆ పొట్టి తోకే. ఈసారి నెమలి ఆడుతుంటే వెనక్కి వెళ్లి చూడండి. ఫోటోలు తీసేవాళ్లంతా ముందే గుమిగూడతారు కాబట్టి వెనక చోటు ఖాళీగానే ఉంటుంది.

ఆమనీ, నువ్వు "వేరే పక్షులు" అన్నావే, అవి ఆడ నెమళ్లు. తల మీది తురాయి చూస్తే తెలిసిపోతుంది, అది ఇద్దరికీ ఉంటుంది. ఆడదానికి మెడ కింద కాస్త ఆకుపచ్చ, ముఖమూ పొట్టా తెలుపు, మిగతాదంతా మట్టిరంగు. పొద చాటున నేల మీదే గుడ్లు పెట్టి, దాదాపు 28 రోజులు ఒక్కతే పొదగాలి మరి. మెరిసే ఒళ్లుంటే నక్క కంట పడదూ? మగవాడు ఆ ఛాయలకే రాడు. గుడ్లూ పిల్లలూ తన పని కాదనుకుంటాడు, ఘనుడు.

మబ్బు పడితే నెమలి ఆడుతుందని మీ పుస్తకాల్లో ఉంటుంది. అది ఆడేది మబ్బు కోసం కాదు, ఆడ నెమలి కోసం. జతకట్టే కాలమూ వానాకాలమూ కలిసొచ్చాయంతే. పురి విప్పి, సెకనుకు పాతిక సార్ల చొప్పున ఈకల్ని అదిలిస్తుంది. చిత్రమేమిటంటే, అంత అదురులోనూ ఆ 'కళ్లు' కదలకుండా నిలిచినట్టే ఉంటాయి, వాటి చుట్టూ ఉన్నదంతా మిలమిలలాడుతుంది. ఇంత కష్టపడినా ఆవిడ చాలాసార్లు గింజలేరుకుంటూ వెళ్లిపోతుంది. మా చిన్నప్పుడు, మగ నెమలి కన్నీళ్లు తాగి ఆడ నెమలి గుడ్లు పెడుతుందని చెప్పేవాళ్లు. నేనూ చాన్నాళ్లు నమ్మాను. శుద్ధ అబద్ధం. కోడిపుంజూ పెట్టా ఎలాగో ఇవీ అలాగే.

అసలు నెమలిదీ కోడి వంశమే. ఇంగ్లిషులో ఫెజెంట్లు అంటారు చూడండి, ఆ కుటుంబం. హిమాలయాల్లో తళతళలాడే మోనాల్, మన పెరటికోడికి ముత్తాత అయిన ఎర్ర అడవికోడి, మన ఊరి శివార్ల తుప్పల్లో "పతీలా, పతీలా" అని అరిచే తీతర్, అన్నీ చుట్టాలే. గుణాలూ కలుస్తాయి. కాళ్లతో నేల గీకి గింజో పురుగో తింటాయి. భయమేస్తే ముందు పరుగు, తప్పనప్పుడే రెక్క. నాలుగైదు కిలోల బరువుండే నెమలి కూడా పొద్దుగూకితే రెక్కలు టపటపలాడించి చెట్టెక్కి పడుకుంటుంది. పెద్ద పిల్లి అరిచినట్టు అది కేక పెడితే, జూబ్లీహిల్స్ హారన్ల మోతలో కూడా వినబడుతుంది. కేబీఆర్‌ను 1998లో జాతీయ పార్కు చేశారు కాబట్టి ఆ మాత్రం చెట్లైనా వాటికి మిగిలాయి.

ఈ కవరులో ఒక నెమలీక పెట్టాను. ఐదో తరగతిలో లెక్కల పుస్తకంలో దాచుకున్నది. ఇన్నేళ్లయినా వెలిసిపోలేదు చూడండి. వెలవడానికి అందులో నీలం రంగంటూ ఉంటే కదా! మీ జుట్టును నల్లగా చేసే పదార్థమే ఆ ఈకలోనూ ఉంది, కాకపోతే కంటికి ఆనని సన్నటి కడ్డీలుగా, జల్లెడ అల్లినట్టు వరసగా పేర్చి ఉంటుంది. వెలుతురు వాటి మీద పడి తిరిగొచ్చేటప్పుడు నీలమూ పచ్చా పుడతాయి, సబ్బు బుడగ మీద రంగులు తేలినట్టు. కిటికీకి ఎదురుగా పట్టుకుని, వెలుతురు ఈక గుండా వచ్చేలా చూడండి. వట్టి గోధుమ రంగే కనిపిస్తుంది. ఆమని ముందు చూడాలి, చిన్నూ చేతికిస్తే నలిపేస్తాడు.

పిల్లలు పెడుతుందని దానికి పెన్సిల్ తరుగు మేత వేయకండి. నేను రెండేళ్లు వేశాను.

మీ తాత,
హైదరాబాద్