తలకిందులు చేస్తే నడిచిన ట్యాంకు

"చిన్నాయనా, ట్యాంకు పలకడంలేదు" అంటూ మా అన్న కొడుకు రిమోట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అనంతపురంలో మా ఇంటి ముందు ఎర్రమట్టిలో ఆ బొమ్మ ట్యాంకు తిన్నగా బాగానే పోతుంది, మలుపు తిప్పగానే ఆగిపోతుంది. లోపలి లైటు గబగబా మిణుకుతుంది. కాసేపటికి మళ్ళీ కదిలి, మళ్ళీ మలుపులోనే ఆగుతుంది. వాడు అప్పటికే రిమోట్ సెల్స్ మార్చాడు, రిమోట్‌ను ట్యాంకు లోపల దాని ఆజ్ఞలు అందుకునే రిసీవర్‌తో మళ్ళీ జత కూడా చేశాడు.

ఇలాంటి బొమ్మ ఆగితే అందరి అనుమానమూ రిమోట్ మీదికే పోతుంది. నాకు మాత్రం ముందు బ్యాటరీ మీద, దాని తీగల మీద అనుమానం. రేడియో మోసుకొచ్చేది ఆజ్ఞ ఒక్కటే, కదిలే బలం బొమ్మలోనే ఉండాలి. 1898లో న్యూయార్క్‌లో నికోలా టెస్లా నీటితొట్టిలో చిన్న పడవను రేడియోతో నడిపి చూపించినప్పుడు కూడా, పడవను తోసింది దాని కడుపులోని బ్యాటరీయే.

ట్యాంకును తలకిందులుగా పెట్టి, చైన్లు గాల్లో తిరిగేలా చేసి, రిమోట్ నొక్కమన్నాను. ఐదు నిమిషాలు అటూ ఇటూ తిప్పినా ఆగలేదు. తప్పు రేడియోదైతే గాల్లోనూ ఆగాలి కదా!

గాల్లో ఎందుకు నడిచింది? తిరిగే మోటారు తనే ఒక చిన్న జనరేటర్ కూడా. తిరిగేకొద్దీ లోపల ఎదురు వోల్టేజీ పుట్టి, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును అడ్డుకుంటుంది. అందుకే గాల్లో జోరుగా తిరిగేటప్పుడు కొంచెం కరెంటే తాగుతుంది. నేలమీద భారం పడి వేగం తగ్గితే ఆ ఎదురూ తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది. మలుపులోనే ఈ భారం అన్నిటికంటే ఎక్కువ. ఉన్నచోటే తిరగాలంటే ఒక చైను ముందుకు, ఇంకోటి వెనక్కి నడవాలి, రెండూ మట్టిని ఒరుసుకుంటూ పక్కకు ఈడ్చుకుపోవాలి.

మా వైపు చేనుకాడ బోరు మోటారు స్టార్ట్ కాగానే అది ఎక్కువ కరెంటు లాగి వోల్టేజీ దిగిపోతుంది, షెడ్డులో బల్బు డల్ అవుతుంది. ట్యాంకులో ఆ బల్బు స్థానంలో ఉన్నది రిసీవర్. వోల్టేజీ ఒక హద్దు దిగితే అది పనే ఆపేసి మొదటి నుంచి మొదలుపెడుతుంది. రిసీవర్ ఆగగానే మోటార్లూ ఆగుతాయి, భారం పోతుంది, వోల్టేజీ లేస్తుంది, రిసీవర్ మేలుకుంటుంది. వాడు మళ్ళీ మలుపు తిప్పుతాడు, కథ మళ్ళీ మొదటికే.

బ్యాటరీ ప్యాక్ 7.2 వోల్టులది. ట్యాంకు నడవకుండా ఊరికే ఉన్నప్పుడు మీటర్ 7.9 చూపించింది. ఈ అంకె చూసే చాలామంది బ్యాటరీ బాగుందని వదిలేస్తారు. పని చేస్తుండగా కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ట్యాంకు మలుపులో ఉండగా బ్యాటరీ దగ్గర 7.4 ఉంది, రిసీవర్ ఉన్న బోర్డు దగ్గర 4.5 మాత్రమే. ఈ రెండు చోట్ల మధ్య ఉన్నది రెండు తీగలు, ఒక తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్. ముట్టుకుంటే కనెక్టర్ చురుక్కుమంది.

ఊడదీసి వెలుతురులో చూశాం. ఒక పిన్ను మసిబారి నల్లగా ఉంది, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కొంచెం మెత్తబడింది. ఇలాంటి చోట కరెంటుకు అర ఓమ్ అడ్డు (రెసిస్టెన్స్) చాలు. 6 ఆంపియర్లు పారితే 3 వోల్టులు అక్కడే పోతాయి, 18 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి పిన్ను ఇంకా పాడై, అడ్డు ఇంకా పెరుగుతుంది. అందుకే ఈ జబ్బు ముదిరేదే కానీ తగ్గేది కాదు.

కనెక్టర్ రెండు వైపులా కొత్తది సోల్డర్ చేసి, స్లీవ్ వేశాం. చైను ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారం కూడా పట్టకారుతో లాగేశాం, అవి కూడా భారమే. మోటారు వెనక 104 అని రాసి ఉన్న బుల్లి కెపాసిటర్ ఊడిపోలేదని చూసుకున్నాం. అది లేకపోతే మోటారు లోపలి నిప్పురవ్వల గోల రిసీవర్‌ను తికమక పెట్టొచ్చు.

సాయంత్రం వాడు అదే ఎర్రమట్టిలో ట్యాంకును గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు. బోర్డు దగ్గర మీటర్ 7.1 కంటే దిగలేదు. ఈసారి కనెక్టర్ చల్లగా ఉంది.