పొరుగువారిపై ప్రేమ ఎక్కడి నుంచి వస్తుంది: కొన్ని అపోహలు, వాస్తవాలు

పొరుగువారిని ప్రేమించాలన్న విషయంలో విశ్వాసుల్లో ఎవరికీ సందేహం ఉండదు. ఆ ప్రేమకు మూలమేమిటన్న దగ్గరే చాలామంది తడబడతారని సంఘ కాపరిగా నా అనుభవం.

అపోహ: మనం ఇతరులను ప్రేమిస్తేనే దేవుడు మనలను ప్రేమిస్తాడు.

వాస్తవం: ఇది వరుసను తలకిందులు చేయడమే. "ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము" అని యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. అయినా లూకా 7వ అధ్యాయానికి వచ్చేసరికి, పరిసయ్యుడైన (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుల వర్గానికి చెందిన) సీమోను ఇంట యేసు పాదాలను కన్నీళ్లతో తడిపిన స్త్రీ తన ప్రేమకు ప్రతిఫలంగా క్షమాపణ పొందిందని అనేకులు చదువుకుంటారు. అదే సందర్భంలో యేసు చెప్పిన ఇద్దరు బాకీదారుల ఉపమానాన్ని గమనించాలి. ఒకడు 500, మరొకడు 50 దేనారాలు (ఆనాటి రోమా వెండి నాణేలు) బాకీపడ్డారు. తీర్చే దారి లేక ఇద్దరికీ అప్పు రద్దయిన తరువాతనే, అప్పిచ్చినవాణ్ణి ఎవరు ఎక్కువగా ప్రేమిస్తారన్న ప్రశ్న వచ్చింది. ఆ స్త్రీ ప్రేమ ఆమె పొందిన క్షమాపణకు గుర్తు. సీమోను ఇంట అతిథికి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు కూడా అందకపోవడానికి కారణం, తనకు రద్దు కావలసిన అప్పేదీ లేదని అతడు అనుకోవడమే.

అపోహ: ప్రేమించడం మెత్తని మనసున్నవారికే సాధ్యం.

వాస్తవం: "అయ్యగారూ, వాణ్ణి ప్రేమించడం నా వల్ల కావడం లేదు" అని పొలం గట్టు తగాదాల్లో నలిగినవారు చెబుతుంటారు. కాదు కూడా. గలతీ పత్రిక ప్రేమను ఆత్మ ఫలమంటుంది, అంటే పరిశుద్ధాత్మ మనలో పండించేది. అందుచేత పళ్లు బిగించి ప్రయత్నించమని కాక, తాము క్షమించబడిన సంగతిని ప్రార్థనలో మళ్లీ తలచుకోమనీ, ఆ తరువాతనే ఎదుటివాని పేరు ఎత్తమనీ నేను చెబుతాను. యేసును చేర్చుకోని సమరయుల (యూదులకు పడని పొరుగు జాతివారి) గ్రామంపై ఆకాశం నుంచి అగ్ని దిగాలని కోరిన శిష్యుల్లో యోహాను ఒకడు; అతడిది మెత్తని మనసేమీ కాదు. అయినా సంఘ సంప్రదాయం ప్రకారం, ప్రేమను గురించి పైన చెప్పిన యోహాను మొదటి పత్రిక రాసింది ఆయనే.

అపోహ: దానధర్మాలు చేస్తే ప్రేమ ఉన్నట్టే.

వాస్తవం: ఆస్తి అంతా బీదలకిచ్చినా ప్రేమ లేకపోవచ్చునని కొరింథీయులకు పౌలు రాశాడు.

అపోహ: క్రైస్తవుల సేవ మతంలోకి రప్పించే ఎర.

వాస్తవం: అలా చేసేవారు లేరని నేను అనను, అది బేరమే అవుతుంది. దేవుడు చెడ్డవారి మీదా మంచివారి మీదా ఒకేలా సూర్యుని ఉదయింపజేస్తున్నాడు గనుక, ఆయన నుంచి పొందిన ప్రేమకు షరతు పెట్టే హక్కు మనకు లేదు. 1876-78 నాటి ధాతు కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. వారిలో ఎందరో బాప్తిస్మం అడిగినా, కరువు సహాయం సాగినంత కాలం ఇవ్వలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారని మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం గానీ, అంతకుముందు ఆయన నిరాకరించిన నెలల గురించి అంతగా మాట్లాడుకోము.