ఎడ్లబండి బాట మీద పది టైర్ల టిప్పర్

పటాన్‌చెరు అవతల మా పెద్దమ్మ వాళ్ల ఇంటి ముందు ఒక చింతచెట్టు ఉంది. గట్టి వానలు పడే రెండు నెలలే దాని ఆకు పచ్చగా కనిపిస్తుంది, మిగతా కాలమంతా బూడిద రంగే. పొద్దున్నే వాకిలి ఊడ్చి సాన్పి చల్లితే, తడి ఆరేలోపే పిండి జల్లినట్టు తెల్లటి దుమ్ము పరుచుకుంటుంది. బయట పొయ్యి మీద జొన్నరొట్టెలు చేయడం ఆమె ఎప్పుడో మానేసింది. "రొట్టె కొరికితే పంటి కింద కరకరమంటది బిడ్డా" అంటుంది. ఒకప్పుడు ఆ ఇంటి ముందు రోడ్డే కళ్లం. వడ్లు, కందులు అక్కడే ఆరబోసేవాళ్లు, సాయంత్రం బర్లు అదే దారిన వచ్చేవి. ఇప్పుడు పిల్లవాడు అవతలి దుకాణానికి పోవాలన్నా పెద్దవాళ్లెవరో చేయి పట్టుకుని దాటించాలి.

2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ తాండూరు డిపో ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. 19 మంది చనిపోయారు. టిప్పర్‌లోని కంకర బస్సులోకి కుమ్మరించుకుని, సీట్లలో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే అందులో కూరుకుపోయారు. ఆ తర్వాత వేగం గురించి, గుంతల గురించి, మర్రిచెట్లు కొట్టొద్దన్న కేసుతో ఏళ్ల తరబడి ఆగిన రోడ్డు విస్తరణ గురించి చాలా మాట్లాడుకున్నాం. అన్నీ మాట్లాడవలసినవే. కానీ అంత కంకర తెల్లారేసరికి ఆ రోడ్డు మీదికి ఎందుకు వస్తోంది, ఎప్పటి నుంచి వస్తోంది అని అడిగినవాళ్లు తక్కువ. ఆ సంగతి తెలియాలంటే హైదరాబాద్ పెరిగిన తీరు చూడాలి.

ఈ నగరం గ్రానైట్ మీద ఉంది. దాని రాయి చాలాకాలం దానికి పక్కనే దొరికింది. ఖాజాగూడ, గచ్చిబౌలి వైపు గుట్టల్లో వడ్డెరలు సుత్తి, ఉలి పట్టి కొట్టిన రాయితోనే ఇళ్లు లేచాయి. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది. 2007లో 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేశారు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది, అదే ఏడాది 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో తొలి ముక్క తెరిచారు. తర్వాత ఫ్లైఓవర్లు, మెట్రో, నలభై యాభై అంతస్తుల టవర్లు. అన్నిటికీ కావలసింది కంకరే. గుట్టల చుట్టూ కాలనీలు లేచాక అక్కడ బాంబులు పేల్చడం కుదరలేదు. క్వారీలు, కంకర మిషన్లు బయటికి జరుగుతూ పోయాయి. ఇవాళ పటాన్‌చెరు మండలం లక్డారం, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం బండరావిరాల లాంటి ఊళ్ల పేరు చెబితే ముందు గుర్తొచ్చేవి కంకర మిషన్లే. క్వారీ అవతలికి జరిగినకొద్దీ, దానికీ నగరానికీ మధ్య లారీ తొక్కుకుంటూ పోయే ఊళ్లు పెరుగుతాయి.

ఇసుకదీ ఇదే దారి. చుట్టుపక్కల వాగులు ఖాళీ అయ్యాక 250 కిలోమీటర్లకు పైగా అవతల, కాళేశ్వరం వైపు గోదావరి నుంచి ఇసుక రావడం మొదలైంది. ఇసుక లారీలు తిరిగే సిరిసిల్ల ప్రాంతంలో, 2017 జూలైలో నేరెళ్ల దగ్గర ఇసుక లారీ ఢీకొని ఒక మనిషి చనిపోతే జనం లారీలకు నిప్పు పెట్టారు. తర్వాత అరెస్టులు, పోలీసులు కొట్టారన్న ఆరోపణలు, రాష్ట్రమంతా చర్చ. ఇసుక ధర పెరిగేసరికి రోబో శాండ్ వాడకం పెరిగింది. రోబో శాండ్ అంటే రాయిని ఇంకా మెత్తగా కొట్టడమే. అంటే మిషన్ మీద ఇంకో పని, ఊరి మీద ఇంకో పొర దుమ్ము.

ఇక దారి సంగతి. 2000 డిసెంబర్ 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఎన్నో ఊళ్లకు మొదటిసారి డాంబర్ రోడ్డు తెచ్చింది. అలాంటి పల్లె రోడ్డు మామూలుగా 3.75 మీటర్ల వెడల్పు. చట్టం ప్రకారం లారీ 2.6 మీటర్ల దాకా ఉండొచ్చు. ఎదురెదురుగా రెండు టిప్పర్లు వస్తే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. ఆ మట్టి అంచునే బడిపిల్లలు నడుస్తారు, కూలికి పోయే ఆడవాళ్లు నడుస్తారు. ఈ కొలతలు వేసినవాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు ట్రాక్టర్, పల్లెవెలుగు బస్సు, ఎప్పుడో ఒక ఎరువుల లారీ వస్తాయనుకుని వేశారు.

బరువు లెక్క ఇంకా కఠినం. రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు మీది బరువుతో సమానంగా పెరగదు, దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు బరువు రెట్టింపైతే దెబ్బ 16 రెట్లు. వెయ్యి బైకులు, వంద కార్లు ఏళ్ల తరబడి చేయలేని నాశనం బరువు మించిన ఒక టిప్పర్ వరుస వారం రోజుల్లో చేస్తుంది. 2018 జూలైలో కేంద్రం ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది, పది టైర్ల లారీ మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకు పోయింది. పెరిగింది 13 శాతమే అనిపిస్తుంది. నాలుగో ఘాతం వేసి చూస్తే దెబ్బ 1.6 రెట్లు. అప్పటికే వేసి ఉన్న పల్లె రోడ్డు మాత్రం ఒక్క అంగుళం మందం కాలేదు. ఇది చట్టబద్ధమైన బరువు సంగతి. కాంటా దగ్గర ఒక లెక్క, వేబిల్లులో ఇంకో లెక్క ఉండే లోడ్ల సంగతి వేరే. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక ఓవర్‌లోడ్‌కు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. పట్టుబడితేనే కదా.

డ్రైవర్‌ను తిట్టడం తేలిక. అతనికి చాలాచోట్ల ట్రిప్పుల లెక్కన డబ్బు వస్తుంది, నెమ్మదిగా పోతే ఒక ట్రిప్పు పోతుంది. పైగా నగరంలోకి పగలు భారీ వాహనాలు రాకుండా ఆంక్షలున్నాయి. ఆ ఆంక్షలు నగరవాసి నిద్రనూ ఆఫీసు టైమునూ కాపాడతాయి. రోజు పనంతా రాత్రికీ తెల్లవారుజాముకూ జరుగుతుంది. ఆ వేళ లారీలు ఎవరి ఇళ్ల మధ్యనుంచి పోతాయో పట్టించుకున్నవాళ్లు లేరు. రాత్రి రెండింటికి ఖాళీ టిప్పర్ గుంతలో పడితే వచ్చే ఇనుప చప్పుడుకు మా పెద్దమ్మ ఇంట్లో అల్మారా అద్దం గలగలమంటుంది. నేను విన్నాను.

నగరానికి దొరికిన ఈ రక్షణ పల్లెకు చట్టంలో లేక కాదు. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రజల భద్రత కోసం, రోడ్డు స్వభావాన్ని బట్టి, ప్రభుత్వం ఏ రోడ్డు మీదైనా భారీ వాహనాలను ఆపొచ్చు, వేళలు పెట్టొచ్చు. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 5 హెక్టార్ల లోపు చిన్న క్వారీలకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి అంది. 2015లో గనుల చట్టం సవరించి, గనుల వల్ల నష్టపోయే ఊళ్ల కోసం జిల్లా ఖనిజ నిధి పెట్టారు. ఆ నిధి మార్గదర్శకాలు ఖనిజ రవాణా వల్ల నలిగే ప్రాంతాన్ని కూడా ప్రభావిత ప్రాంతంగానే చూస్తాయి. అంటే క్వారీ తన పొలిమేరలో లేకపోయినా, లారీ తన మీదుగా పోతున్నందుకే ఆ ఊరు ఆ నిధిలో వాటా అడగొచ్చు. ఈ మాట తెలిసిన సర్పంచ్ నాకు ఇంతవరకు ఒక్కరే కనిపించారు. ఇటు అపార్ట్‌మెంటుకు అనుమతి ఇచ్చేటప్పుడు పార్కింగ్ చూస్తారు, ఫైర్ చూస్తారు. కంకర ఏ దారిన వస్తుందని మాత్రం ఎవరూ అడగరు.

పెద్దమ్మ వాళ్ల ఊరివాళ్లు రెండేళ్ల కింద ఊరి మొదట్లో రెండు ఇనుప గర్డర్లు పాతి, పైన అడ్డంగా ఒకటి వెల్డింగ్ చేయించారు. చిన్న బండ్లు పోతాయి, టిప్పర్ పట్టదు. నలభై రోజులు నిలిచింది. ఒక పొద్దున చూస్తే ఒక గర్డర్ ఒరిగి ఉంది, అడ్డ కమ్మీ మాయం. ఇప్పుడు ఆ ఒరిగిన గర్డర్‌కే వాళ్లు బర్రెను కడుతున్నారు.

సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ దాకా దాదాపు 160 కిలోమీటర్ల రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం రావాల్సి ఉంది. అది పూర్తయితే భారీ లారీలన్నీ ఊళ్లు వదిలి దాని మీదికి ఎక్కుతాయని చెబుతున్నారు. ఆ రోడ్డుకు కావలసిన కంకర ఏ ఊరి మీదుగా వస్తుందో చెప్పమని ఊరివాళ్లు ఈ ఏడాది గ్రామసభలో కాగితం రాసి ఇచ్చారు. రాసింది ఇంటర్ చదివే అమ్మాయి. కింద నలభైకి పైగా వేలిముద్రలు, సంతకాలు. ఒక వేలిముద్ర మా పెద్దమ్మది.