సర్ఫర్ల దగ్గుకు కారణం దొరికిందిలా

2025లో దక్షిణ ఆస్ట్రేలియా తీరంలో ఆల్గే, అంటే కంటికి కనపడనంత చిన్న నాచు, విపరీతంగా పెరిగింది. ఆ గొడవ ఎప్పుడు లేచినా ముందు చచ్చిన చేపల ఫొటోలే తిరుగుతాయి. దానికి కారణాలుగా సముద్రం వేడెక్కిన సంగతి, ముర్రే నది వరదల సంగతి చాలామంది రాశారు, మళ్లీ చెప్పను. నా లెక్కలో అసలు మలుపు 2025 మేలో వచ్చింది, అక్కడి ఆయిస్టర్లలో బ్రెవెటాక్సిన్ అనే నాడీ విషం బయటపడిందని తెలిసినప్పుడు.

ఆ ఆల్గే ఏదన్నదానికి అప్పటిదాకా అందరి నోటా ఉన్న పేరు కెరీనియా మికిమొటోయ్. కెరీనియా అనే ఏకకణ ఆల్గే ప్రజాతిలో ఇదొక జాతి. 2014లో ఆ రాష్ట్రంలోనే కాఫిన్ బేలో వచ్చిందీ అదే. చేపలకు ప్రమాదమేగానీ మనుషులకు మహా అయితే కాసేపు కళ్ల మంట, దగ్గు అని అధికారులు చెప్పారు. కానీ మార్చిలోనే వెయిట్‌పింగా, పార్సన్స్ బీచ్‌ల దగ్గర నురగలో దిగిన సర్ఫర్లు గొంతు పట్టేసిందని, చూపు మసకబారిందని చెబుతూనే ఉన్నారు. ఒడ్డున ఊరికే నిలబడ్డవాళ్లకూ దగ్గొచ్చింది. వాళ్ల మాట అప్పుడే గట్టిగా పట్టించుకుని ఉండాల్సింది. ఎందుకంటే మికిమొటోయ్ బ్రెవెటాక్సిన్ తయారుచేయదు. మరి ఆ విషం ఎక్కణ్నుంచి వచ్చినట్టు?

ఇందులో మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాళ్లను తప్పుపట్టలేం. ఒక్కో కణం మిల్లీమీటరులో ముప్పయ్యో, నలభయ్యో వంతు. పైన గట్టి పెంకు ఉండదు, అందుకే శాంపిల్ పాడవకుండా అయోడిన్ ద్రావణం వేయగానే అది టీ రంగుకు తిరిగి, ఉబ్బి గుండ్రంగా అయిపోతుంది, ఒక్కోసారి పగిలిపోతుంది కూడా. జాతిని గుర్తుపట్టడానికి చూసే వాటిల్లో ముఖ్యమైనది కణం తలమీద ఉండే సన్నటి గాడి. అది చెరిగిపోయాక ఏ కెరీనియా ఏదో చెప్పడం కష్టం.

సిడ్నీ సాంకేతిక విశ్వవిద్యాలయంలోని షానా ముర్రే బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పాటు శాంపిళ్లలోని డీఎన్‌ఏనూ చదివింది. నవంబరులో బయటికొచ్చిన ఫలితం ప్రకారం అక్కడున్నది ఒక్క జాతి కాదు, అయిదు కెరీనియాలు. మికిమొటోయ్ కూడా ఉంది. కానీ ఎక్కువగా ఉన్నది, బ్రెవెటాక్సిన్ తయారుచేస్తున్నది కెరీనియా క్రిస్టాటా.

ఇది సైన్సుకు కొత్త జాతేమీ కాదు. దక్షిణాఫ్రికా తీరంలో దొరికిన ఈ జీవికి 2003లోనే పేరు పెట్టారు. అక్కడ కూడా సముద్ర జీవులు చచ్చిపోయాయి, తీరంలో జనం కళ్లు, గొంతు మండుతున్నాయనే చెప్పారు.