బోరు పక్కన బోరు: రంగుల మ్యాపు వెనక కథ

గుంటూరు నుంచి బాపట్ల వైపు వెళ్తుంటే కొన్ని ఊళ్లలో ఒక బోరు నీళ్లతో కందిపప్పు మెత్తగా ఉడుకుతుంది. నాలుగిళ్ల అవతలి బోరు నీళ్లతో ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఇది మంచినీళ్ల బోరు, అది ఉప్పు బోరు అని ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసు. భూగర్భ జలాల మ్యాపులో మాత్రం ఊరంతా ఒకే రంగు.

కొన్ని బోర్ల కొలతలతో మధ్యలోని చోట్లకూ అంచనా కట్టి ఆ రంగు వేసే లెక్క పుట్టింది దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో. విట్‌వాటర్స్‌రాండ్‌లో అక్కడక్కడా రాయి తీసి పరీక్షించి, గనిలో ఆ భాగం మొత్తంలో ఎంత బంగారం ఉందో అంచనా కట్టేవారు. బంగారం బాగా కనిపించిన చోట తవ్వాక అంత వచ్చేది కాదు. పేలవంగా కనిపించిన చోట అనుకున్నదానికంటే ఎక్కువే దొరికేది. ఇంజినీరు డానీ క్రిగే 1951లో దీనికి దారి చూపారు: ఆ చోటి నమూనానే నమ్ముకోకుండా చుట్టుపక్కల సగటునూ కలుపుకోవాలని. 1960ల్లో ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ మాతెరోన్ దీన్ని పూర్తి సిద్ధాంతంగా మలిచి, క్రిగే పేరు మీదే ‘క్రిగింగ్’ అన్నారు.

దీనికి ప్రాణం వేరియోగ్రామ్. బోర్లను జతలు జతలుగా తీసుకుని, మధ్య దూరం పెరిగేకొద్దీ నీటి ఉప్పదనంలో తేడా ఎలా పెరుగుతుందో గీసే గ్రాఫు అది. దూరం దాదాపు సున్నా అయినా మిగిలిపోయే తేడాను ‘నగెట్’ అంటారు. నగెట్ అంటే బంగారు ముద్ద. ఒక రాయిలో ఉంటుంది, ఆనుకున్న రాయిలో ఉండదు. మన డెల్టాలో ఉప్పు బోరు కథ అచ్చం ఇదే! పాత నదీ పాయల ఇసుకలో మంచినీళ్లు నిలుస్తాయి, పక్కనే బంకమట్టి పొరల్లో ఉప్పునీళ్లు ఉంటాయి. బోరు లోతు మారినా రుచి మారుతుంది.

పొలం మట్టికీ ఇదే చిక్కు. పొలం మట్టిని పరీక్షించి రైతుకు ఫలితాల కార్డు ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డు పథకం 2015లో మొదలైనప్పుడు, నీటి వసతి ఉన్న భూముల్లో 2.5 హెక్టార్లకు, వర్షాధారమైతే 10 హెక్టార్లకు ఒక నమూనా అని పెట్టారు. 2.5 హెక్టార్లంటే ఆరెకరాల పైమాటే. అందులో నలుగురైదుగురు రైతుల పొలాలు పడతాయి. ఒక గుప్పెడు మట్టి ఎంత దూరం వరకు సాక్ష్యం చెబుతుందన్నది వేరియోగ్రామ్ చూస్తేగానీ తేలదు.

1992లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ నుంచి ఈ లెక్కలు చేసే జీఎస్‌లిబ్ కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చాయి. ఇప్పుడు ‘ఆర్’ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో క్రిగింగ్ చేసే జీస్టాట్ ప్యాకేజీ ఉచితంగా దొరుకుతుంది, మామూలు లాప్‌టాప్ చాలు. సులువైపోయింది కాబట్టే నాకు టెన్షన్. వేరియోగ్రామ్ కూడా సాఫ్ట్‌వేరే గీసేస్తుంది, దాన్ని తిరిగి చూసే ఓపిక చాలామందికి ఉండదు. జీస్టాట్ ప్రతి చోటికీ రెండు అంకెలు ఇస్తుంది: ఒకటి అంచనా, రెండోది ఆ అంచనా ఎంత తప్పొచ్చో చెప్పే వేరియన్స్. చుట్టుపక్కల బోర్లు దూరమయ్యేకొద్దీ, నగెట్ పెద్దదయ్యేకొద్దీ రెండో అంకె పెరుగుతుంది. రిపోర్టుల్లో తరచూ మొదటిదే అచ్చవుతుంది. అప్పు చేసి బోరు వేయించే రైతు చేతికి ఆ రెండో అంకెతో గీసిన మ్యాపు కూడా ఇవ్వాలి.