కళ నేర్పేవారు లేని బడి: విశాఖలో ఈ లోటు వెనుక నూట ముప్పై ఏళ్ల కథ

2023 మార్చిలో జీ-20 కార్యవర్గ సమావేశం జరిగినప్పుడు విశాఖ గోడలు రంగులు పూసుకున్నాయి. నగరానికి పెద్ద అతిథులు వచ్చే ప్రతిసారీ ఇదే తంతు. బొమ్మలు గీసిన కుర్రాళ్లకు నాలుగు రోజులు పని దొరుకుతుంది, దారిన పోయేవారికి కంటికి ఇంపుగా ఉంటుంది. మంచిదే. అయితే అవే వీధుల్లో ఉన్న మునిసిపల్ బడుల్లో పిల్లలకు బొమ్మ గీయడం, పాట పాడడం, నాటకం ఆడడం నేర్పేవారు ఎందరున్నారన్న ప్రశ్న ఆ సందడిలో ఎవరికీ తట్టదు. సమాజాన్ని మార్చడంలో కళాకారుల పాత్ర గురించి సభల్లో ఎంత ఘనంగా మాట్లాడుకున్నా, ఆ కళాకారుడు తయారయ్యే చోటును పట్టించుకోకపోతే ఆ మాటలు సభతోనే ముగిసిపోతాయి.

2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో ఈ విషయమై ఒక నిబంధన ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులు నడిచే బడిలో పిల్లల సంఖ్య వంద దాటితే కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్ టైమ్ బోధకులు ఉండాలి. అంటే వంద లోపు పిల్లలున్న బడికి కళ నేర్పేవారిని ఇవ్వాల్సిన బాధ్యత చట్టం ఎవరి మీదా పెట్టలేదు. వంద దాటిన చోట కూడా పూర్తికాలపు ఉద్యోగం కాదు. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాగా మారిన పాడేరు, అరకు ప్రాంతాల కొండ ఊళ్లను తలచుకోండి. ఊళ్లు చిన్నవి, బడులు చిన్నవి. పెళ్లికీ పండుగకూ ఊరంతా చేతులు పట్టుకుని థింసా ఆడే చోట, బడిలో మాత్రం కళావిద్య లెక్కలోకి రాదు.

ఇదంతా నిన్న మొన్న మొదలైంది కాదు. ఈ ప్రాంతంలో కళ సమాజాన్ని కదిపిన సందర్భాలు చాలా ఉన్నాయి. కళ నేర్పిన సంస్థలూ ఉన్నాయి. ఈ రెండూ కలిసి నడిచిన రోజులే తక్కువ. నేటి కొరతకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు ‘కన్యాశుల్కం’ నాటకాన్ని తొలిసారి ఆడారు. విజయనగరం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోనిదే. 1897లో అచ్చయినప్పుడు గురజాడ అప్పారావు రాసిన ముందుమాటను నేటి కళాశాలల్లో తప్పనిసరి పాఠం చేయాలనిపిస్తుంది. మహారాజు ఆజ్ఞపై జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారైంది. మూడేళ్లలో తేలిన లెక్క 1034. అందులో 99 మంది పిల్లలకు పెళ్లినాటికి ఐదేళ్లు, ముగ్గురికి ఒక్క ఏడాది. ఆ పసికందుల వెల తలకు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డలకు కూడా బేరాలు కుదిరేవని ఆయన రాశారు. ఇంతటి దురాచారాన్ని ఎండగట్టడం కంటే సాహిత్యానికి గొప్ప పని లేదని, జనంలో చదివే అలవాటు పెరిగేదాకా ఆ పని నాటకరంగమే చేయాలని ఆయన వాదించారు.

గమనించాల్సింది ఆ క్రమం. ముందు లెక్క తీశారు. చట్టం కోసం చేసిన ప్రయత్నం సాగలేదు. లెక్కకూ చట్టానికీ లొంగని జబ్బును రంగస్థలం మీదికి తెచ్చారు, అదీ జనం ఇంట్లో మాట్లాడుకునే భాషలో. చదువు రానివారికి కూడా అర్థమవ్వాలన్న పట్టుదల దాని వెనుక ఉంది. ఆ ఒక్క నాటకంతోనే శుల్కం పోయిందని అనను. చదువు, చట్టం, సంస్కరణ ఉద్యమాలు అన్నీ కలిస్తేనే పోయింది. కానీ ముసలివాడికి పసిపిల్లను కట్టబెట్టే తండ్రిని చూసి జనం నవ్వడం మొదలుపెట్టాక, ఆ తండ్రికి ఊళ్లో మునుపటి గౌరవం మిగల్లేదు. ఏ నివేదికా చేయలేని పని ఇది.

మరి అదే కాలంలో కళావిద్య పేరుతో ఏం జరుగుతోంది? విశాఖ ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి 1850లోనే కళాపాఠశాల వచ్చింది. అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మద్రాసులో స్థాపించిన ఆ బడికి చేతిపనులు, పరిశ్రమలే ప్రధానం. నైపుణ్యం గల పనివాళ్లను తయారు చేయడమే దాని లక్ష్యం. ఆ నైపుణ్యం ఎవరి అవసరాలకు అమ్ముడవుతుందో విశాఖకు అప్పటికే అనుభవమే. ఇక్కడి పనివాళ్లు 18వ శతాబ్దం నుంచే ఏనుగు దంతం తాపడం చేసిన పెట్టెలు, బల్లలు తెల్లవారి కోసం చేసేవారు. ఇప్పుడవి విదేశీ మ్యూజియంలలో ఉన్నాయి. చేసినవారి పేర్లు మాత్రం దాదాపు ఎక్కడా లేవు. తర్వాత 1923లో దామెర్ల రామారావు రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి తెలుగువారికి సొంత బాణీ చూపబోయారు. రెండేళ్లకే, ఇరవై ఏడేళ్ల వయసులో, మశూచితో ఆయన పోవడం మన చిత్రకళకు తీరని దెబ్బ.

సంగీతంలో కథ కొంత వేరు. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల వెలిసింది. చూపులేని ఒక కుర్రవాడి సంగీతాభిలాష చూసి రాజావారు దాన్ని పెట్టించారని చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. కూడూ గూడూ లేని పిల్లలు కూడా అక్కడికి చేరేవారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు జోలె పట్టి ఇంటింటా మధుకరం తెచ్చుకుని తింటూ చదివారు. ఆయనను చేరదీసి పాఠం చెప్పిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి. అదే ఘంటసాల 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని అలీపురం జైలుకు వెళ్లారు. ఉద్యమంలోకి దూకడం ఆయన సొంత నిర్ణయం. ఆ కంఠాన్ని తీర్చిదిద్దింది మాత్రం ఆ కళాశాల, ఆ గురువు, జోలెలో అన్నం వేసిన విజయనగరం ఇల్లాళ్లు. పేద పిల్లవాడికి కళ అందాలంటే ఊరు ఎంత పూనుకోవాలో ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టి, కొన్నేళ్లకు వాల్తేరు గుట్టల మీద స్థిరపడ్డాక నాటకానికి కొత్త ఆసరా దొరికింది. రిజిస్ట్రారుగా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామి నాటకాభిమాని. ఆయన పూనికతో ప్రయోగాత్మక నాటకరంగం, ఆరుబయలు రంగస్థలం, కళాశాలల మధ్య నాటక పోటీలు వచ్చాయి. ఆ తరానికి నాటకం వేయడం చదువులో భాగమైంది. ప్రజానాట్యమండలి ఊరూరా తిరిగి బుర్రకథలు చెప్పిన కాలం కూడా దాదాపు అదే.

ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లోనే 1970 ఫిబ్రవరిలో తెలుగు సాహిత్యాన్ని కుదిపేసిన ఘటన జరిగింది. విశాఖలో పుట్టిన శ్రీశ్రీకి అరవై ఏళ్ల సన్మానం చేస్తున్నారు. శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల పోరాటం నెత్తురోడుతున్న రోజులు. ‘విశాఖ విద్యార్థులు’ పేరుతో ఒక కరపత్రం సభలోకి వచ్చింది. రచయితలారా మీరు ఎటువైపు అని నిలదీసింది. ఆ ప్రశ్న వేడి ఎంతటిదంటే, అదే ఏడాది జులై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది, శ్రీశ్రీ దానికి అధ్యక్షుడయ్యారు. ఆ సంఘం దారితో ఏకీభవించనివారు కూడా ఒక సంగతి ఒప్పుకోవాలి: ఆ ప్రశ్న అడిగినవారు విద్యార్థులు. కవిని వేదిక మీద కూర్చోబెట్టి జవాబు చెప్పమన్నారు. అంతటి చొరవ చదువు ఇచ్చిందా, కాలం ఇచ్చిందా అంటే రెండూనని అంటాను.

కొండల వైపు అప్పటికే మరో రకం కళావిద్య నడుస్తోంది. జముకు అనే వాద్యాన్ని చూశారా? ఒక పక్క తోలు బిగించిన చిన్న కుండ లాంటిది. ఆ తోలులోంచి వచ్చే తీగను మీటితే గొంతుతో పోటీపడే నాదం పుడుతుంది. ఎల్లమ్మ కథ చెప్పుకోవడానికి ఉత్తరాంధ్ర పల్లెలు తరతరాలుగా వాడిన వాద్యం అది. బొడ్డపాడులో శివాలయ పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఆ జముకుల కథనే తీసుకుని భూమి గురించి, వెట్టి గురించి చెప్పారు. 1969 డిసెంబరులో ఆయన్ను కాల్చి చంపారు. తర్వాత పాట పట్టుకున్న వంగపండు ప్రసాదరావు పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లి నుంచి వచ్చి విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. కార్మికుడి కండ లేనిదే యంత్రం ఎలా నడుస్తుందని పాట కట్టిన మనిషి, స్వయంగా యంత్రాల మధ్య చమట పట్టినవాడు. 1972లో జననాట్యమండలి ఏర్పాటులో ఆయన ముఖ్యుడు. ఆయన్ను ఏ కళాశాలా తయారు చేయలేదు. కూలిజనం నుడికారం, గజ్జెల అడుగు, ఊరి పాటల బాణీలు ఆయనకు చదువు. 2020 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఆరు నెలలు తిరగకముందే, 2021 జనవరిలో, ఉక్కు కర్మాగారాన్ని ప్రైవేటుకు అమ్మాలన్న నిర్ణయం వెలువడింది. దానికి వ్యతిరేకంగా కార్మికులు కూర్చున్న కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో వంగపండు లేని లోటు పాట తెలిసిన ప్రతివారికీ తెలిసింది.

ఒక్కడే మిగిలి, ఆ ఒక్కడు పోతే పాట ఆగిపోయే పరిస్థితి ఎందుకు వచ్చింది? నేర్పే ఏర్పాటు లేకపోవడం వల్లే. జముకును, గజ్జెను, పల్లె బాణీలను సంస్థలు చాలాకాలం కళగానే లెక్కించలేదు. విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉంది. బరోడాలో చదివి వచ్చిన వి. రమేష్ వంటి పేరున్న చిత్రకారులు దశాబ్దాల పాటు అక్కడ పాఠం చెప్పారు. అక్కడినుంచి మంచి చిత్రకారులూ వచ్చారు. కానీ ఆ విభాగానికీ మునిసిపల్ బడికీ మధ్య దారి పడలేదు.

దారి పడినప్పుడు ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతలు ఊరూరా ఆడి పాడాయి. సాయంత్రం బడిలో చదువుకున్న నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లారు. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. అంతకు మూడు దశాబ్దాల ముందే సారా కేసుల్లో నలిగే బీదల బతుకును కథలుగా రాసిన రావిశాస్త్రి విశాఖ కోర్టులో వకీలు. కథ చదువుకున్నవారిని కదిపింది, పాటా పాఠమూ కలిసి చదువు రానివారిని కదిపాయి.

మరో దారి ఏటికొప్పాకలో ఉంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. మెత్తని అంకుడు కర్రను లేత్‌కు బిగించి తిప్పుతారు. గిరగిర తిరిగే కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి రంగుపొరలా అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో అదిమి పడితే అద్దంలా మెరుస్తుంది. రసాయన రంగులు ఈ బొమ్మల్లోకి వచ్చాక, నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు అవి ప్రమాదమన్న మాట మొదలైంది, గిరాకీ పడిపోయింది. ఆ ఊరి కళాకారుడు సి.వి. రాజు పసుపు, నీలి, జాఫ్రా వంటి సహజ రంగులతో చేసే పద్ధతిని మళ్లీ తెచ్చి, పనివాళ్లకు నేర్పారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ), 2023లో ఆయనకు పద్మశ్రీ, 2025 గణతంత్ర దినోత్సవంలో రాష్ట్ర శకటం మీద చోటు వచ్చాయి. గుర్తింపు కంటే నాకు ముఖ్యంగా తోచేది ఆ నేర్పడమే. ఊరి పని ఊళ్లోనే నిలబడింది, పిల్లల చేతికి విషం లేని బొమ్మ అందింది.

ఇక చేయాల్సినవి కొత్తవి కావు. స్థానిక కళాకారులను, చేతిపనివారిని బడుల్లో బోధకులుగా తీసుకోవాలని 2020 జాతీయ విద్యావిధానమే చెప్పింది. రాష్ట్రంలో ఉన్న కొద్దిమంది కళా బోధకులు పార్ట్ టైమ్ ఒప్పందాల మీద, ఏటా కొనసాగింపు కోసం ఎదురుచూస్తూ పనిచేస్తున్నారు. ముందు వారి కొలువు గట్టిపడాలి. గిరిజన ప్రాంతాల్లో వంద మంది పిల్లలన్న నిబంధనను ప్రభుత్వం సడలించి, రెండు మూడు ఊళ్ల బడులకు కలిపి ఒక బోధకుడిని ఇవ్వవచ్చు. థింసా తెలిసిన పెద్దను, జముకు పట్టిన కథకుడిని, లక్క పనిలో చేయి తిరిగినవారిని పట్టా అడగకుండా వారానికి రెండు రోజులు బడికి పిలవవచ్చు. లలితకళలు, రంగస్థల కళలు చదివే విశ్వవిద్యాలయ విద్యార్థులకు చివరి ఏడాది ఒక సెమిస్టరు మునిసిపల్ బడిలో పాఠం చెప్పడాన్ని కోర్సులో భాగం చేయవచ్చు. వచ్చే విద్యా సంవత్సరం ప్రణాళిక రాసుకునేటప్పుడు విశ్వవిద్యాలయం, నగరపాలక సంస్థ ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఈ చివరి పనికి ప్రత్యేకంగా నిధులు కూడా అక్కర్లేదు.