‘సర్వర్ డౌన్’ అన్నప్పుడు పడిపోయిందేమిటి?

హైదరాబాదులో ఏదో ఒక కౌంటరు ముందు వరుసలో నిలబడి, తన వంతు వచ్చేసరికి “సర్వర్ డౌన్ సార్, మధ్యాహ్నం రండి” అన్న మాట విననివారు అరుదు. కిందటి వానాకాలంలో అమీర్‌పేటలోని ఒక కార్యాలయంలో ఆ మాట నాకూ వినిపించింది. సర్వర్ల మధ్యే ఉద్యోగం చేసేవాణ్ని కావడం వల్ల కాబోలు, నా చూపు బల్ల కిందున్న కంప్యూటరు వెనక్కి పోయింది. నెట్‌వర్క్ కేబుల్ దూరే పోర్టు పక్కన మినుకుమనవలసిన చిన్న ఆకుపచ్చ దీపం ఆరిపోయి ఉంది. దాన్ని లింక్ లైట్ అంటారు. కేబుల్ రెండు కొసల్లోని పరికరాలు ఒకదాన్నొకటి గుర్తించాయనడానికి అదే ఆనవాలు. అది వెలగనప్పుడు ఎక్కడో ఉండి అడిగిన సమాచారం అందించే సర్వర్ అనే కంప్యూటరును నిందించడం, వీధి గుమ్మం గడియ తీయకుండానే బస్సు రాలేదనడం వంటిది.

ఆ కేబుల్ రెండో కొస స్విచ్‌లో ఉంటుంది. ఆఫీసులోని కంప్యూటర్లను ఒకచోట కలిపే ఈ పెట్టె, ఏ పోర్టు వెనుక ఏ యంత్రం ఉందో మ్యాక్ అడ్రస్‌ను బట్టి పట్టిక రాసుకుని, వచ్చిన సమాచారాన్ని అందవలసిన పోర్టుకే పంపుతుంది. మ్యాక్ అడ్రస్ అంటే నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే పడే 48 బిట్ల (బిట్ అంటే ఒక 0 లేదా 1) సంఖ్య, బండికి ఛాసిస్ నంబరు ఎలాగో అలాగ. ఆ లోకల్ నెట్‌వర్క్ దాటి బయటికి దారి చూపేది మాత్రం రౌటర్. ఇంట్లోని వైఫై డబ్బాను మనం రౌటర్ అనేస్తాం గానీ, అందులో స్విచ్చూ రౌటరూ, వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింటూ మూడూ సర్దుకుని ఉంటాయి.

ఛాసిస్ నంబరు బండిని గుర్తుపట్టడానికే తప్ప అది ఎక్కడుందో చెప్పడానికి పనికిరాదు. ఆ పని ఐపీ అడ్రస్‌ది. పాత పద్ధతి అయిన ఐపీవీ4లో అది 32 బిట్ల సంఖ్య కనుక, మొత్తం కలిపినా సుమారు 429 కోట్ల అడ్రసులే ఉన్నాయి. అవి ప్రపంచానికి చాలవు కాబట్టి ఆఫీసు లోపల 10తోనో 192.168తోనో మొదలయ్యే ప్రైవేటు అడ్రసులు వాడుకుని, గడప దాటేటప్పుడు రౌటర్ చేత మార్పించుకుంటారు. ఆ మార్పిడినే నాట్ అంటారు. కంప్యూటరు ఆన్ కాగానే దానికి గడువు మీద అడ్రస్ ఇచ్చేది డీహెచ్‌సీపీ. అది పలకకపోతే విండోస్ కంప్యూటరు తనంతట తానే 169.254తో మొదలయ్యే అడ్రస్ తగిలించుకుంటుంది. ఆ అంకెలు కనిపించాక అనుభవమున్నవారెవరూ సర్వర్ వైపు చూడరు.

మన ఊళ్లో ఇంటి నంబరు అడ్డగీతలతో ఎంత పొడవున్నా, దారి చెప్పేటప్పుడు “పోచమ్మ గుడి పక్క సందు” అనే అంటాం. మనిషి చెప్పే అటువంటి పేరును యంత్రానికి కావలసిన నంబరుగా మార్చి ఇచ్చేది డీఎన్‌ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ దీన్ని రూపొందించకముందు, నెట్‌వర్క్‌లోని పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి, అందరూ దాని నకలు తెచ్చుకునేవారు. డీఎన్‌ఎస్ మూగబోయిందంటే సర్వర్ భేషుగ్గా నడుస్తున్నా వెబ్‌సైటు తెరుచుకోదు. అప్పుడు పేరుకు బదులు నేరుగా ఐపీ అడ్రస్‌కే పింగ్ కొడతాం, అంటే ‘ఉన్నావా’ అని చిన్న పలకరింపు పంపుతాం. జవాబు వస్తే దారి బాగుందనీ, చిక్కు పేర్ల దగ్గరే ఉందనీ తేలుతుంది. జవాబుకు పట్టిన సమయం కూడా ఒక కథ చెబుతుంది. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, సర్వర్ ముంబైలో ఉందనుకుంటే, అది ఇక్కడికి గీత గీసినట్టు చూస్తే 600 కిలోమీటర్ల పైచిలుకు. కాబట్టి రానుపోను 6 మిల్లీసెకన్లకు తక్కువగా ఏ యంత్రమూ జవాబు తేలేదు. ఈ జాప్యాన్నే లేటెన్సీ అంటారు. ఎంత ఖరీదైన సర్వర్ కొన్నా అది తగ్గదు.

ఇక అసలు సర్వర్ దగ్గరికి వస్తే, దాన్ని చాలామంది వేగమైన కంప్యూటరు అనుకుంటారు. నా దృష్టిలో, తన భాగాలు చెడిపోక తప్పదని ముందే ఒప్పుకుని కట్టిన యంత్రమే సర్వర్. దాన్ని 19 అంగుళాల ర్యాక్‌లో అడ్డంగా బిగిస్తారు. ఎత్తును ‘యూ’లలో కొలుస్తారు, 1యూ అంటే 44.45 మిల్లీమీటర్లు. అంత సన్నని పెట్టెలో పెద్ద ఫ్యాన్ పట్టదు కనుక, 40 మిల్లీమీటర్ల బుల్లి ఫ్యాన్లు నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ గదిని హోరెత్తిస్తాయి. వెనుక రెండు పవర్ సప్లైలుంటాయి. ఒక లైనులో కరెంటు పోయినా రెండోది మోయాలని వాటిని వేర్వేరు లైన్లకు కలపాలి. ఆ రెండు తీగలనూ తెచ్చి ఒకే ప్లగ్గు బోర్డుకు గుచ్చిన ప్రబుద్ధులనూ చూశాను.

డిస్కుల సంగతి ఇంకా ముచ్చటైనది. 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ప్రతిపాదించిన, పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడే రైడ్ పద్ధతిలో, ఉదాహరణకు రెండు డిస్కుల్లో 1, 0 అని ఉంటే, మొత్తం ఒకట్ల లెక్క సరిసంఖ్య అయ్యేలా మూడో దానిలో 1 రాస్తారు. దాన్ని ప్యారిటీ అంటారు. మూడింటిలో ఏ ఒక్కటి పోయినా, మిగిలిన రెండింటినీ చూసి పోయినది ఏమిటో లెక్కగట్టవచ్చు. సర్వర్ నడుస్తుండగానే చెడ్డ డిస్కును లాగి కొత్తది తోయడం హాట్ స్వాప్. అయితే 16 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున నింపడానికి 22 గంటలు పడుతుంది. ఈలోగా ఇంకొకటి చెడితే అంతా పోతుంది కనుక, రెండు డిస్కుల నష్టాన్ని తట్టుకునే రైడ్ 6 వచ్చింది. రైడ్ ఉంది కదా అని బ్యాకప్ మానుకోవడం మాత్రం నేను క్షమించలేని తప్పు. పొరపాటున చెరిపిన ఫైలు అన్ని డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది.

మెమరీలోనూ ఇదే జాగ్రత్త. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల ప్రభావంతో ఒక్కోసారి 0 కాస్తా 1 అయిపోతుంది. ఈసీసీ మెమరీలో ప్రతి 64 బిట్లకూ మరో 8 బిట్లు కాపలా ఉండి, ఒక బిట్ తప్పితే దిద్దుతాయి, రెండు తప్పితే పసిగడతాయి. దీనికి మూలమైన లెక్కను బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హ్యామింగ్ 1950లో ప్రచురించాడు. వీటన్నిటి పైన, సర్వర్ లోపలే బీఎంసీ అనే మరో చిన్న కంప్యూటరు ఉంటుంది. పెద్దది ఆఫ్ అయినా, ప్లగ్గులో కరెంటున్నంతసేపు ఇది మేలుకునే ఉంటుంది. అర్ధరాత్రి ఇంట్లో కూర్చుని సర్వర్‌ను తిరిగి లేపగలిగేది దీని పుణ్యమే.

ఇన్ని ఏర్పాట్ల తర్వాత వినిపించే మాట అప్‌టైమ్, అంటే సర్వర్ ఆగకుండా పనిచేసే కాలం. 99.9 శాతం అంటే గొప్పగా తోస్తుంది గానీ, ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు మూతపడే వెసులుబాటు అందులో ఉంది. 99.999 శాతమైతే 5 నిమిషాలకు కాస్త ఎక్కువ. అమెజాన్ 2022 నవంబరులో ప్రారంభించిన హైదరాబాద్ రీజియన్ అనే సర్వర్ల కేంద్రంలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడిచే మూడు ఎవైలబిలిటీ జోన్లు ఉండడానికి కారణం కూడా ఇటువంటి లెక్కే. ఒక జోన్ మొత్తం చీకటైనా మిగతావి పని అందుకోవాలి.

అమీర్‌పేటలో ఆ రోజు గుమాస్తాగారిని అడిగి బల్ల కిందికి వంగాను. కేబుల్ కొసనున్న ఆర్‌జే45 కనెక్టరు ప్లాస్టిక్ నాలుక విరిగిపోయి ఉంది. పోర్టులో దాన్ని పట్టి ఉంచేది ఏమీ లేక, పొద్దున ఊడ్చిన చీపురు దెబ్బకే కాబోలు, అది గోరంత బయటికి జరిగింది. లోపలికి నొక్కి సెల్లోటేపు ముక్క అతికించగానే ఆకుపచ్చ దీపం వెలిగింది. గుమాస్తాగారు తెర వైపు ఒకసారి చూసి, వరుసలో ఉన్నవారి వైపు తిరిగి, “రండి రండి, సర్వర్ వచ్చేసింది” అన్నారు.